1969 జీటీఓ ఒరిజినల్ ఇంజిన్‌ను ఎంతవరకు మార్చవచ్చు?

డాలస్ నుంచి ఒకరు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "1969 పాంటియాక్ జీటీఓ (అమెరికాలో చేసిన పాత పవర్‌ఫుల్ కారు) కొన్నాను. 400 క్యూబిక్ ఇంచ్ ఇంజిన్, ఆటోమేటిక్ గేర్‌బాక్స్. ఇంజిన్ మీది నంబరు, కారు నంబరు (ప్లేటు మీదిది కాదు, ఫ్యాక్టరీ కొట్టిన ఛాసిస్ నంబరు) కలుస్తున్నాయి. పొద్దున స్టార్ట్ చేయగానే నీలం పొగ వస్తోంది, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే నాకింగ్ (పెట్రోలు సరిగా మండక వచ్చే కటకట చప్పుడు) వినిపిస్తోంది. ఎలాగూ ఇంజిన్ దింపాలి కదా, పవర్ కూడా 450 హార్స్‌పవర్ దాటిద్దాం అనుకుంటున్నా. మెకానిక్ చేసేద్దాం అంటున్నాడు. క్లబ్బులో ఒక పెద్దాయన ముట్టుకోవద్దు అంటున్నారు. ఎవరి మాట వినాలి?"

ముందు నా జవాబు చెప్పేస్తాను. నంబర్లున్న బ్లాకు (సిలిండర్లుండే ఇంజిన్ దిమ్మ) మీద, హెడ్ల (దాని పైన బిగించే, వాల్వులుండే భాగాలు) మీద తప్పనిసరి అయితే తప్ప మళ్లీ వెనక్కి తేలేని పని ఏదీ చేయించకండి. బయటికి కనిపించేదంతా 1969లో ఎలా ఉందో అలాగే ఉంచండి. లోపల కంటికి కనిపించని చోట ఇప్పుడు దొరికే గట్టి సామాను వేయండి. 450 దాటాలన్న కోరిక బలంగా ఉంటే ఇంకో 400 బ్లాకు కొని దాని మీద కట్టించండి. అసలు ఇంజిన్‌ను ఆయిల్ పట్టించి, ప్లాస్టిక్ చుట్టి, గ్యారేజీలో చెక్క పాలెట్ మీద పెట్టుకోండి. కారు అమ్మే రోజున రెండూ మీ దగ్గరే ఉంటాయి.

నేను డెట్రాయిట్ పక్కన నోవైలో పద్దెనిమిదేళ్లుగా ఉంటున్నాను. ఉద్యోగం ఇంజిన్ టెస్టింగ్‌లోనే. చేతికి పని అబ్బింది మాత్రం విజయవాడ ఆటోనగర్‌లో, మా మేనమామ షెడ్డులో లారీ ఇంజిన్ల దగ్గర. ఇక్కడికొచ్చాక పాంటియాక్ ఇంజిన్లు తొమ్మిది విప్పి కట్టాను, వాటిలో నాలుగు మీలాంటి 400లే. మొదటిది నా సొంత 1969 జీటీఓది. కింద రాసేదంతా ఎక్కువగా దాని దగ్గర నేర్చుకున్నదే.

ఇంజిన్ దింపే ముందు రెండు పరీక్షలు చేయించండి. పొగ స్టార్ట్ చేసినప్పుడు మాత్రమే వచ్చి, రెండు నిమిషాల్లో తగ్గిపోతోందా? అలాగైతే తప్పు చాలాసార్లు పిస్టన్ రింగులది కాదు, వాల్వ్ గైడ్లది (వాల్వు కాడ కదిలే గొట్టాలు), వాటి సీళ్లది. రాత్రంతా హెడ్‌లో నిలిచిన ఆయిల్ గైడ్ల వెంబడి చుక్కలు చుక్కలుగా సిలిండర్‌లోకి దిగుతుంది. పొద్దున అదే కాలి పొగ అవుతుంది. కంప్రెషన్ టెస్టు (సిలిండర్లలో ఒత్తిడి కొలవడం), లీక్‌డౌన్ టెస్టు (సిలిండర్‌లోకి గాలి ఎక్కించి ఎంత కారుతోందో చూడటం) చేయిస్తే ఒక్క మధ్యాహ్నంలో సంగతి తేలిపోతుంది. ఎనిమిది సిలిండర్ల ఒత్తిడీ దగ్గర దగ్గరగా ఉండి, లీక్‌డౌన్ పది శాతం లోపు ఉంటే హెడ్లు మాత్రం విప్పి బాగు చేయించుకుంటే సరిపోవచ్చు. యాభై ఏళ్లు దాటిన ఇంజిన్‌కు ఒక్కసారి కూడా బోరు కొట్టలేదంటే (సిలిండర్ లోపలి గోడను కోసి వెడల్పు చేయలేదంటే) దాన్ని అలాగే కాపాడుకోవాలి. బోరు కొట్టిన ప్రతిసారీ గోడ పల్చబడుతుంది. ఆ ఇనుము మళ్లీ రాదు.

ఇక మీ కారు ఏ రకమో చూసుకోవాలి. 1969లో జీటీఓలు 72,287 తయారయ్యాయి. వాటిలో జడ్జ్ అనే ప్రత్యేక ప్యాకేజీతో వచ్చినవి 6,833, అందులో కన్వర్టిబుల్‌లు 108 మాత్రమే. మీది జడ్జ్ అయినా, రామ్ ఎయిర్ 4 అనే ఎక్కువ పవర్ ఇంజిన్ ఉన్నదైనా నేను ఇంత పొడుగు జవాబు రాసేవాణ్ణి కాదు, ఒక్క బోల్టు కూడా మార్చవద్దనేవాణ్ణి. మీరు చెప్పినదాన్ని బట్టి మీది మామూలు 350 హార్స్‌పవర్ ఆటోమేటిక్. దాని ఇంజిన్ కోడ్ వైఎస్ అయి ఉండాలి. బ్లాకు ముందు ముఖం మీద, ప్యాసింజర్ వైపు, హెడ్ కిందుగా చూడండి. బ్లాకు వెనక ఎనిమిదో సిలిండర్ దగ్గర 9790071 అన్న క్యాస్టింగ్ నంబరు కూడా ఉండాలి. కారు నంబరు 242తో మొదలైతే అది పుట్టుకతోనే జీటీఓ. పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్ వాళ్లకు ఆ నంబరు పంపితే, ఫ్యాక్టరీ నుంచి ఏ ఇంజిన్‌తో, ఏ ఆప్షన్లతో బయటికొచ్చిందో పాత బిల్లింగ్ రికార్డు కాపీలు పంపుతారు. ఇంజిన్ మీద చేయి వేసేలోగా అది తెప్పించుకోండి. కాగితం లేకుండా "నంబర్లు కలిశాయి" అన్న మాటకు కొనేవాళ్ల దగ్గర బరువుండదు.

ఈ నంబర్ల విషయంలో ఒక సంఘటన చెప్పాలి. నా మిత్రుడికి 1970 షెవర్లే షెవెల్ ఎస్ఎస్ 396 కారు ఉంది. షెవర్లే బిగ్ బ్లాకుల్లో (పెద్ద సైజు వీ8 ఇంజిన్లలో) ఇంజిన్ కోడ్, కారు నంబరు ముక్క రెండూ బ్లాకు ముందు భాగంలో ఒక చిన్న మెట్టు మీద కొడతారు. ఆ మెట్టు హెడ్ కూర్చునే తలంతో సమానంగా ఉంటుంది. మావాడు బ్లాకును ఒక మెషిన్ షాపులో ఇచ్చి "శుభ్రం చేసి, పై తలం సమం చేయండి" అన్నాడు. వాళ్లు అడిగిన పనే చేశారు. పది థౌలు (ఇంచులో వెయ్యో వంతులు) కోశారు. బ్లాకు తిరిగొచ్చాక చూస్తే ఆ మెట్టు అద్దంలా మెరుస్తోంది. ఒక్క అక్షరం లేదు. వేలితో తడుముతూ చాలాసేపు అక్కడే నిలబడిపోయాడు. మళ్లీ కొట్టించుకోవచ్చు కదా అని ఎవరో సలహా ఇచ్చారు కానీ, అలా చేస్తే దొంగ నంబరు అంటారు. ఫ్యాక్టరీ బ్రోచింగ్ యంత్రం ఆ తలం మీద వదిలే సన్నటి సమాంతర గీతలు ఉండవు, తెలిసినవాళ్లు టార్చిలైటు వేసి పట్టేస్తారు. పాంటియాక్‌లో నంబర్లు ముందు ముఖం మీద ఉంటాయి కాబట్టి పై తలం కోసినా పోవు. అయినా సరే, బ్లాకు షాపుకిచ్చే ముందు నంబర్లన్నిటికీ ఫోటోలు తీయండి. వాటి మీద టేపు అంటించి "ఇక్కడ ముట్టుకోవద్దు" అని మార్కర్‌తో రాయండి. ఇసుక బ్లాస్టింగ్ అసలే వద్దని పనిచీటీ మీదే రాయించండి.

ఇప్పుడు మీ నాకింగ్ గురించి. ఒరిజినాలిటీకి, పెర్ఫార్మెన్స్‌కు అసలు పేచీ ఇక్కడే ఉంది, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ఆ ఇంజిన్‌కు పాంటియాక్ ప్రకటించిన కంప్రెషన్ (సిలిండర్‌లో మిశ్రమం ఎన్ని రెట్లు నలుగుతుందో చెప్పే అంకె) 10.75. అప్పటి సీసం కలిపిన ప్రీమియం పెట్రోలుకు అది సరిపోయింది. ఇప్పుడు మీ టెక్సస్‌లో దొరికేది 93 ఆక్టేన్ (నాకింగ్‌ను పెట్రోలు ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె), కాలిఫోర్నియాలో అయితే 91. ఇనుప హెడ్లు, వేసవి ఎండ, ఏసీ వేసుకుని ఫ్లైఓవర్ ఎక్కడం, మూడూ కలిస్తే రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపిన చప్పుడు వస్తుంది. ఆ చప్పుడుతో నడుపుతూ పోతే పిస్టన్ అంచులు విరుగుతాయి.

కంపెనీ కాగితం మీది అంకెను నమ్మి పిస్టన్లు ఆర్డర్ చేయకండి. కొలవండి. నేను చేసింది చెప్తాను. హెడ్‌ను తలకిందులుగా బల్ల మీద పెట్టి, వాల్వులు బిగించి, చాంబర్ (పెట్రోలు మండే గుంట) మీద సన్నగా గ్రీజు రాసి, చిన్న రంధ్రం ఉన్న అక్రిలిక్ పలక అతికించాను. ల్యాబ్‌లో వాడే బ్యూరెట్‌తో రంగు నీళ్లు వదిలాను. చివరి గాలి బుడగ రంధ్రంలోంచి బయటికొచ్చే దాకా ఓపిక పట్టాలి. 72 సీసీ అని పేరున్న నా 62 నంబరు హెడ్లలో చాంబర్ 74 సీసీ వచ్చింది. పిస్టన్ పైకొచ్చి ఆగినప్పుడు బ్లాకు తలానికి 20 థౌలు కిందే ఉంది, అంటే ఇంకో నాలుగున్నర సీసీ. గ్యాస్కెట్ 9, పిస్టన్ మీద వాల్వ్ గుంటలు 6. మొత్తం 93.5. సిలిండర్ స్వెప్ట్ వాల్యూమ్ 819 సీసీ. లెక్క వేస్తే కంప్రెషన్ 9.75 దగ్గర తేలింది. 10.75 కాదు! అయినా 93 ఆక్టేన్‌తో జూలైలో నాకింగ్ వస్తూనే ఉండేది. పిస్టన్ కిందుగా ఆగడం వల్ల మిశ్రమం సరిగా నలగదు, అంచుల్లో వేడిగా మిగిలిపోతుంది.

దీనికి కొందరు మందపాటి గ్యాస్కెట్ వేస్తారు. వద్దు, ఆ సందు ఇంకా పెరుగుతుంది. నేను బోరు 30 థౌలు కొట్టించాను, పిస్టన్ సరిగ్గా బ్లాకు తలానికి వచ్చి ఆగేలా చూసుకున్నాను, పిస్టన్ నడుమ 17 సీసీల గిన్నెలాంటి లోతు ఉన్నవి వేయించాను. 74, 9, 17 కలిపితే 100. కొత్త బోరుతో సిలిండర్ 831. కంప్రెషన్ 9.3. చాంబర్‌ను గీకలేదు, హెడ్‌ను కోయలేదు, బయటి నుంచి చూస్తే ఏమీ తెలియదు. అప్పటి నుంచి 93 ఆక్టేన్ మీద ఒక్కసారి కూడా చప్పుడు రాలేదు. మొత్తం టైమింగ్ (స్పార్క్ ఎంత ముందుగా పడాలన్నది) 34 డిగ్రీలు పెట్టుకోగలిగాను. అంతకుముందు నాకింగ్ భయంతో 28 దగ్గర ఆపేవాణ్ణి. కంప్రెషన్ తగ్గితే పవర్ పోతుందని మీ మెకానిక్ అనవచ్చు. నా అనుభవంలో, సరైన టైమింగ్ ఇవ్వగలిగినప్పుడు వచ్చే లాభం ఆ తగ్గినదానికంటే ఎక్కువ.

అల్యూమినియం హెడ్లు వేస్తే సుమారు ఒక పాయింటు ఎక్కువ కంప్రెషన్ తట్టుకుంటాయి, గాలి కూడా బాగా లాగుతాయి. వాటికి పాంటియాక్ వెండి నీలం రంగు వేసి దాచేవాళ్లూ ఉన్నారు. అది వెనక్కి తీసుకోగలిగిన మార్పే, తప్పు పట్టను. కానీ మధ్య ఎగ్జాస్ట్ పోర్టు మీద 62 అన్న అంకె కనపడకపోతే తెలిసిన కన్ను ఇట్టే కనిపెట్టేస్తుంది. అలా చేస్తే అసలు హెడ్లు మాత్రం అమ్మకండి.

సీసం లేని పెట్రోలుకు గట్టి వాల్వ్ సీట్లు వేయించాలా అని తర్వాత అడుగుతారు, ఇప్పుడే చెప్తున్నా. ఎగ్జాస్ట్ సీట్లు అరిగిపోయి ఉంటేనే వేయించండి. బాగున్న సీటును కోస్తే లోపలి నీళ్ల గది దాకా వెళ్లే ప్రమాదం ఉంది. వారానికోసారి తిప్పే కారుకు ఆ భయం అక్కర్లేదు.

ఒరిజినల్ అయినా తీసి పారేయాల్సినవి కొన్ని ఉన్నాయి. వీటిలో మొహమాటం వద్దు.

మొదటిది టైమింగ్ గేరు. ఫ్యాక్టరీలో క్యామ్ (వాల్వులను తెరిచే షాఫ్ట్) గేరు అల్యూమినియంతో చేసి, పళ్లకు నైలాన్ తొడిగారు. చప్పుడు రాకూడదని. నా ఇంజిన్ సంప్ (ఆయిల్ తొట్టి) దింపినప్పుడు అడుగున నల్లటి మడ్డిలో గోధుమరంగు ముక్కలు కనిపించాయి. గోళ్లు కత్తిరించి పడేసినట్టున్నాయి. గుడ్డతో తుడిచి చూస్తే అవి గేరు పళ్లు. ఆయిల్ పంపు జాలీకి సగం అవే అడ్డుపడి ఉన్నాయి. ఇంకో వేసవి నడిపి ఉంటే ఆయిల్ అందక బేరింగులు పట్టేసేవి. ఉక్కు గేరు, డబుల్ రోలర్ చైన్ వేయండి. కవరు మూసేస్తే ఎవరికీ కనపడదు.

రెండోది కనెక్టింగ్ రాడ్లు (పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపేవి). మీ ఇంజిన్‌లోవి పోత పోసినవి. ఫ్యాక్టరీ పేరు ఆర్మాస్టీల్. 5,000 ఆర్పీఎం లోపు ఇన్నేళ్లూ పనిచేశాయి నిజమే. కానీ రాడ్ విరిగితే బ్లాకు పక్క గోడ పగిలి బయటికొస్తుంది. అప్పుడు మీ నంబర్లున్న బ్లాకు తుక్కు కింద లెక్క. అంటే పాత రాడ్లు ఉంచుకోవడం వల్ల ఒరిజినాలిటీకే ముప్పు. ఫోర్జ్‌డ్ (పోత పోయకుండా కొట్టి చేసిన) రాడ్లు కొత్తవి వేయించండి. పాత రాడ్లకు రిపేరు చేయించి, కొత్త బోల్టులు వేయించే ఖర్చుకు కాస్త కలిపితే కొత్త సెట్టే వస్తుంది. పాతవి ఆయిల్ గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టండి, ఏ సిలిండర్‌దో చీటీ కట్టి.

మూడోది వెనక మెయిన్ సీల్ (క్రాంక్ వెనక ఆయిల్ కారకుండా ఆపేది). ఫ్యాక్టరీది గ్రాఫైట్ పూసిన తాడు సీల్. ఇప్పటి కొత్త రకం సీల్ వేయించుకోండి. నేను ఒరిజినల్ మీద మమకారంతో తాడే వేశాను. రెండేళ్లకు గ్యారేజీ నేల మీద రూపాయి బిళ్లంత మరక, మూడో ఏటికి అరచేయంత. గేర్‌బాక్స్ దింపి మళ్లీ చేశాను.

క్యామ్ విషయంలో నా తప్పు ఒకటి చెప్తాను, మీరు చేయకూడదని. అసలు క్యామ్ ఫ్లాట్ ట్యాపెట్ రకం. లిఫ్టర్ (క్యామ్ కదలికను వాల్వు వైపు అందించే ముక్క) అడుగు క్యామ్ మీద నేరుగా రాసుకుంటుంది. ఆ రాపిడిని కాపాడేది ఆయిల్‌లోని జింక్, ఫాస్ఫరస్. ఇప్పటి కార్ల ఆయిళ్లలో క్యాటలిటిక్ కన్వర్టర్ కోసం వీటిని తగ్గించేశారు. కొత్త క్యామ్ వేశాక మొదటి స్టార్టు నుంచే సుమారు 2,000 ఆర్పీఎం దగ్గర ఇరవై నిమిషాలు ఆపకుండా నడపాలి. నేను రేడియేటర్ గొట్టం కారుతోందని ఐదో నిమిషంలో ఆపాను, సర్ది మళ్లీ నడిపాను. వేసింది కూడా షాపులో దొరికిన మామూలు ఆయిలే. నాలుగు వందల మైళ్లకు ఒక సిలిండర్ మందగించింది. ఆయిల్ ఫిల్టర్ కోసి, కాగితం మడతలు ఎండలో విప్పి చూస్తే వెండి పొడి చల్లినట్టు మెరిసింది. అది అరిగిపోయిన క్యామ్ లోబ్ (వాల్వును నెట్టే ఉబ్బు). ఆ పొడి బేరింగులన్నిటిలోకీ పాకింది. మొత్తం ఇంజిన్ మళ్లీ విప్పాను. రెండోసారి హైడ్రాలిక్ రోలర్ క్యామ్ వేశాను. ధర చాలా ఎక్కువ, నిజమే. బయటికి కనపడదు, ఆయిల్ టెన్షన్ లేదు, ఐడిల్ దాదాపు పాతదానిలాగే ఉంటుంది. మీ ఆటోమేటిక్‌కు మరీ పెద్ద క్యామ్ వద్దు. సిగ్నల్ దగ్గర డ్రైవ్‌లో పెట్టి ఆగితే కారు వణికిపోతుంది, బ్రేకులకు వాక్యూమ్ కూడా చాలదు.

కార్బ్యురేటర్ మార్చమని ఎవరు చెప్పినా వినకండి. మీ కారు మీదున్న రోచెస్టర్ క్వాడ్రాజెట్ మంచి కార్బ్యురేటర్. ముందు రెండు గొంతులు చిన్నవి, మైలేజీకి. వెనక రెండూ బాగా పెద్దవి, పూర్తిగా తొక్కినప్పుడు తెరుచుకుంటాయి. మొత్తం 750 సీఎఫ్ఎం (నిమిషానికి లాగే గాలి, ఘనపుటడుగుల్లో), మీ అవసరానికి చాలు. దానికి చెడ్డపేరు రావడానికి పాత జబ్బులు కారణం. అడుగున ఉన్న చిన్న ప్లగ్గులు కారి రాత్రికి రాత్రి పెట్రోలు ఖాళీ అవుతుంది, ఇథనాల్ కలిసిన పెట్రోలుకు పంపు రబ్బరు ఉబ్బుతుంది. తెలిసినవాళ్ల చేత రీబిల్డ్ చేయించండి. డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్ల (స్పార్క్ కోసం కలిసి విడిపోయే చిన్న స్విచ్) బదులు చిన్న ఎలక్ట్రానిక్ మాడ్యూల్ పెట్టుకోండి, మూత కింద దాగిపోతుంది, అరగంటలో తీసేయవచ్చు. ఎగ్జాస్ట్ మానిఫోల్డులు రామ్ ఎయిర్ తరహా పోత ఇనుపవి కొత్తగా చేసి అమ్ముతున్నారు. చూడ్డానికి ఫ్యాక్టరీవే, గాలి మాత్రం బాగా వదులుతాయి. నేను పెట్టిన డబ్బులో ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇవే.

ఇవన్నీ చేస్తే ఎంత పవర్ వస్తుంది? ఒక మాట గుర్తుంచుకోండి. 1969లో చెప్పిన 350 హార్స్‌పవర్ గ్రాస్ లెక్క. ఆల్టర్నేటర్, ఎయిర్ ఫిల్టర్, కారు సైలెన్సర్ ఏమీ లేకుండా బల్ల మీద కొలిచింది. 1972 నుంచే నెట్ లెక్క (అవన్నీ బిగించి కొలిచేది) వచ్చింది. కాబట్టి మీ కారు చక్రాల దగ్గర ఎప్పుడూ 350 లేదు. దాని బలం 3,000 ఆర్పీఎం దగ్గర వచ్చే 445 పౌండ్-ఫీట్ టార్క్‌లో ఉంది. బాగా కట్టిన 400 ఇంజిన్‌లో ఆ టార్క్ ఇంకా కిందినుంచే అందుతుంది. ఆగస్టులో వుడ్‌వర్డ్ క్రూజ్‌కు (డెట్రాయిట్ దగ్గర జరిగే పాత కార్ల ఊరేగింపు) వెళ్లినప్పుడు నా కారును ఎవరూ మార్చినదనుకోరు. పక్కన కూర్చున్నవాళ్లు మాత్రం సీటుకు అతుక్కుపోతారు.

దీనికీ తృప్తి పడకపోతే రెండో బ్లాకు దారి. పాంటియాక్ 400లు 1978 దాకా వచ్చాయి కాబట్టి కోర్ బ్లాకులు (మళ్లీ కట్టుకోవడానికి పనికొచ్చే పాత బ్లాకులు) దొరుకుతాయి. 500557 నంబరువి వద్దు, మెయిన్ బేరింగుల దగ్గర పల్చన. 481988 దొరికితే అదృష్టమే. అందులో 4.25 ఇంచుల స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) క్రాంక్ వేసి, బోరు 35 థౌలు పెంచితే 461 క్యూబిక్ ఇంచులవుతుంది. మంచి హెడ్లతో పంపు పెట్రోలు మీదే 450 నుంచి 500 దాకా వస్తుంది. బయటికి 400కీ 461కీ తేడా తెలియదు. బోరు కొట్టే ముందు సోనిక్ టెస్టు చేయించి గోడ మందం చూడండి. పోత పోసేటప్పుడు లోపలి ఇసుక అచ్చు జరిగి ఉంటే ఒక పక్క పల్చగా ఉంటుంది.

కానీ ఆ పవర్‌కు కారు సిద్ధంగా ఉందా? 1969 జీటీఓకు ముందు డిస్క్ బ్రేకులు ఆప్షన్ మాత్రమే. మీదానికి నాలుగూ డ్రమ్ములే ఉంటే, ఇంజిన్ మీద పెట్టే మొదటి డాలరు బ్రేకుల మీద పెట్టండి. ఇంట్లోవాళ్లను ఎక్కించుకుని తిరిగే కారు కదా. వెనక యాక్సిల్ కూడా అంత టార్క్‌కు ఎన్నాళ్లో ఆగదు.

మీ మెకానిక్ చెప్పింది, క్లబ్బు పెద్దాయన చెప్పింది రెండూ అర్థవంతమైనవే. పెద్దాయనకు బ్లాకు మీద భయం, మెకానిక్‌కు మీ నాకింగ్ మీద భయం. కంప్రెషన్, లీక్‌డౌన్ రీడింగులు ఎనిమిది సిలిండర్లవీ వచ్చాక ఇక్కడే పెట్టండి. హెడ్ మధ్య పోర్టు మీది అంకె, బ్లాకు ముందు కోడ్ ఫోటోలు కూడా. బోరు కొట్టాలా, హెడ్లతో సరిపెట్టాలా అన్నది అవి చూసి చెప్తాను. అప్పటిదాకా పిస్టన్లు ఆర్డర్ చేయకండి.